ఫీల్డ్‌లో హవల్దార్, పుట్టింట్లో భార్య: ఒక విడాకుల ఫైలు మొదటి నుంచి చివరి దాకా

సైనికుడి విడాకుల కేసులో ఇరుపక్షాల వాళ్లూ డిక్రీ మీదే కన్నేసి ఉంటారు. కానీ భార్యకు ప్రతి నెలా డబ్బు అందుతుందా, బిడ్డకు వైద్యం, చదువు ఖర్చులు వస్తాయా అన్నది తేల్చేది సైనికుడి కుటుంబ వివరాలు నమోదు చేస్తూ యూనిట్ ప్రచురించే పార్ట్-2 ఆర్డర్, ఆ వివరాలు ఉండే రికార్డ్ ఆఫీసు ఫైలు, జీతం నుంచి పే అకౌంట్స్ ఆఫీసు చేసే కోత. ఈ మూడింటినీ పట్టించుకోకుండా ఓపీ (అసలు పిటిషన్), కౌంటరు (దానికి జవాబు), క్రాస్ (ఎదుటి వకీలు ప్రశ్నించడం) అంటూ మామూలు విడాకుల కేసులా నడిపిన ఫైళ్లలో డిక్రీ చేతికొచ్చాక కూడా రెండేళ్లు తిరగాల్సి వస్తోంది.

కింది కేసు భార్య తరఫున నడిచింది. గుర్తుపట్టే వివరాలు తీసేశాం, అలాంటివే వేరే ఫైళ్లలోని కొన్ని అంశాలు కలిపాం. లెక్కలు, సెక్షన్లు, వరుసక్రమం మాత్రం ఆచరణలో ఉన్నవే. ఇద్దరూ హిందువులు కాబట్టి హిందూ వివాహ చట్టం 1955 వర్తించింది. ఆర్మీ చట్టం 1950లో ఉన్నలాంటి ఏర్పాట్లే వైమానిక దళానికీ, నౌకాదళానికీ వాటి చట్టాల్లో ఉన్నాయి. సెక్షన్ నంబర్లు వేరుగా ఉంటాయి.

కేసు పరిస్థితి

భర్త హవల్దార్, 2008లో చేరాడు. పెళ్లి 2016లో విజయనగరం జిల్లాలో జరిగింది. సికింద్రాబాద్ పీస్ పోస్టింగ్‌లో (కుటుంబంతో ఉండే వీలున్న చోట) ఉన్నప్పుడు రెండేళ్లు క్వార్టర్‌లో కాపురం చేశారు. 2019లో కూతురు పుట్టింది. 2020 ఆగస్టులో యూనిట్ ఫీల్డ్ పోస్టింగ్ మీద కశ్మీర్‌కు కదిలింది. కుటుంబాన్ని తీసుకెళ్లే వీలు లేని చోటు కాబట్టి భార్య, పాప విజయనగరం వచ్చేశారు. సెలవులకు వచ్చినప్పుడు అతను భార్యతోనే ఉండేవాడు. చివరిగా అలా కలిసి ఉన్నది 2023 మేలో. ఆ తర్వాత డబ్బు పంపడం తగ్గి, 2024 మొదట్లో ఆగిపోయింది. అదే ఏడాది అక్టోబరులో అతను సికింద్రాబాద్ ఫ్యామిలీ కోర్టులో విడాకుల ఓపీ వేశాడు. భార్య 2020 ఆగస్టు నుంచి తనను వదిలేసిందని, పై అధికారులకు ఉత్తరాలు రాసి హింసించిందని అందులో రెండు ఆరోపణలు.

ఆ ఉత్తరాలు నిజమే. వకీలు దగ్గరకు రాకముందే ఆమె కమాండింగ్ ఆఫీసరుకు రెండు ఉత్తరాలు రాసింది. భర్తకు వేరే సంబంధం ఉందని వాటిలో ఉంది, రుజువు ఏమీ లేదు. ఈ కేసులో మన వైపు బలహీనత ఇదే. చివరికి రాజీ ఏ దారిలో నడవాలో నిర్ణయించింది కూడా ఈ ఉత్తరాలే.

ముందు చేతికి డబ్బు రావాలి

సమన్లు అందగానే కౌంటరు రాయడానికి కూర్చోవడం సహజం. ఈ ఫైల్లో కౌంటరుకు వాయిదా తీసుకుని రెండు పనులు ముందు పెట్టుకున్నాం. ఒకటి, విజయనగరంలో మెయింటెనెన్స్ కేసు. రెండోది, ఆర్మీ దగ్గర మెయింటెనెన్స్ అర్జీ. ఒకటి వేస్తే రెండోది వేయకూడదని చాలామంది అనుకుంటారు. అలాంటి అడ్డేమీ లేదు. రెండు చోట్లా వచ్చే మొత్తాలను ఒకదానికొకటి సర్దుబాటు చేయాలంతే. రజనేష్ వర్సెస్ నేహా తీర్పులో (2020) సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. ముందు వచ్చిన ఆర్డరును దాచకుండా రెండో చోట చెప్పాలి.

రెండూ ఎందుకంటే, ఆర్మీ ఇచ్చే మెయింటెనెన్స్ జీతం నుంచే కోసి భార్య ఖాతాలో వేస్తారు, దాన్ని అతను ఆపలేడు. అయితే అది సర్వీసు ఉన్నంత కాలమే, భార్యగా ఉన్నంత కాలమే. రిటైరైతే జీతం ఉండదు, కోతా ఉండదు. జవాన్లు, హవల్దార్లు నలభై అటూ ఇటూ వయసులోనే ఇంటికి వచ్చేస్తారు. కోర్టు ఆర్డరు ఆ తర్వాత కూడా నిలుస్తుంది, కానీ దాని వసూలు దగ్గర ఒక చిక్కుంది. ఆర్మీ చట్టం సెక్షన్ 28 ప్రకారం సైనికుడి జీతభత్యాలను సివిల్ కోర్టు డిక్రీ కింద అటాచ్ (జప్తు) చేయడం కుదరదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 60లోనూ అదే మినహాయింపు ఉంది. ప్రభుత్వ టీచరు కేసులో వేసినట్టు జీతం అటాచ్‌మెంట్ ఈపీ (డిక్రీ అమలు పిటిషన్) వేస్తే అది అక్కడే ఆగుతుంది. కోర్టు ఆర్డరు కాపీ జతచేసి, ఆర్మీ చట్టం సెక్షన్ 91(ఐ) కింద కోత విధించమని యూనిట్‌ను కోరడమే పనిచేసే దారి. ఆఫీసర్లకైతే సెక్షన్ 90(ఐ).

యూనిట్‌కు పంపిన అర్జీ

కోర్టు అటాచ్ చేయలేని జీతాన్ని ఆర్మీ తానే కోయగలదు. భార్య, బిడ్డల పోషణ కోసం నిర్దేశిత అధికారి ఆదేశించిన మొత్తాన్ని జీతం నుంచి తీయవచ్చని సెక్షన్ 91(ఐ) చెబుతుంది. ఎంత తీయవచ్చో ఆర్మీ ఆర్డర్ 2/2001లో ఉంది: భార్యకు గరిష్ఠంగా జీతభత్యాల్లో 22 శాతం, ఒక్కో బిడ్డకు 5.5 శాతం, అన్నీ కలిపి 33 శాతం దాటకూడదు.

అర్జీ ఒక్క పేజీ. ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్. పెళ్లి తేదీ, స్థలం. పాప పేరు, పుట్టిన తేదీ. ఏ నెల నుంచి డబ్బు రావడం లేదో. ఆమెకు ఆదాయం లేదన్న ప్రకటన. బ్యాంకు ఖాతా వివరాలు. పెళ్లి ఫొటో, మ్యారేజ్ సర్టిఫికెట్, పాప బర్త్ సర్టిఫికెట్, ఆధార్, పాస్‌బుక్‌లో గత రెండేళ్ల పేజీలు జత. చివర్లో సెక్షన్ 91(ఐ), ఆర్మీ ఆర్డర్ 2/2001 కింద మెయింటెనెన్స్ మంజూరు చేయమన్న ఒక్క కోరిక. ఒక ప్రతి కమాండింగ్ ఆఫీసరుకు, ఒకటి రికార్డ్ ఆఫీసుకు, రెండూ రిజిస్టర్డ్ పోస్టులో. ఫీల్డ్‌లో యూనిట్ కదిలిపోవచ్చు, రికార్డ్ ఆఫీసు మాత్రం కదలదు.

భర్త ప్రవర్తన గురించి ఒక్క మాట రాయలేదు. ఆమెకు ఇది నచ్చలేదు, “అసలు విషయం రాయకపోతే ఎలాగండీ” అని పట్టుబట్టింది. జయదీప్ మజుందార్ కేసులో (2021) ఒక ఆర్మీ ఆఫీసరు భార్య భర్త పై అధికారులకు వరసగా ఫిర్యాదులు పంపింది. వాటివల్ల అతని ఉద్యోగానికి, పరువుకు దెబ్బ తగిలింది. దాన్నే మానసిక క్రూరత్వంగా తీసుకుని సుప్రీంకోర్టు అతనికి విడాకులు ఇచ్చింది. పోషణ కోరడం హక్కు. రుజువులేని ఆరోపణలు పంపడం ఎదుటి పక్షానికి మనమే ఎగ్జిబిట్లు (కోర్టులో చూపే సాక్ష్యపు కాగితాలు) తయారుచేసి ఇవ్వడం. ఇక రెండు ఉత్తరాలు ఎలాగూ వెళ్లిపోయాయి. మూడోది వెళ్లకుండా ఆపడమే మన చేతిలో మిగిలిన పని.

ఇందులో డబ్బు లెక్క కూడా ఉంది. వ్యభిచారాన్ని నేరంగా చూసిన ఐపీసీ సెక్షన్ 497ను 2018లో కొట్టివేసినా, అక్రమ సంబంధం మీద సైన్యం తన చట్టాల కింద క్రమశిక్షణ చర్య తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2023 జనవరిలో స్పష్టం చేసింది. ఆరోపణ రుజువై డిస్మిస్ అయితే సాధారణంగా పెన్షన్ పోతుంది. అప్పుడు భార్య, బిడ్డ దేని మీద బతకాలి? క్రిమినల్ కేసు పెట్టే ముందు కూడా ఇదే లెక్క వేయాలి. నిజంగా హింస జరిగి ఉంటే కేసు పెట్టాల్సిందే, అందులో సందేహం లేదు. బేరానికి బలం కోసం మాత్రం పెట్టకూడదు.

అర్జీ అందాక యూనిట్ భర్త వివరణ తీసుకుంటుంది, రాజీ ప్రయత్నం చేస్తుంది, భార్య ఆర్థిక పరిస్థితిని విచారిస్తుంది. తర్వాత ఫైలు పై హెడ్‌క్వార్టర్లకు వెళ్తుంది. దీనికి నెలలు పడుతుంది. ఈ ఫైలు మధ్యలో ఒకచోట ఆగింది కూడా. ఆగడానికి కారణం పాప.

రికార్డుల్లో లేని కూతురు

సైనికుడి పెళ్లి, పిల్లల పుట్టుక, విడాకులు, ఇవన్నీ పార్ట్-2 ఆర్డర్‌గా ప్రచురితమై రికార్డ్ ఆఫీసుకు చేరాలి. అందులో లేని మనిషి ఆర్మీ దృష్టిలో లేనట్టే. ఇక్కడ పెళ్లి పార్ట్-2 పడింది. పాప పుట్టుక పడలేదు. యూనిట్ కదలికల హడావుడిలో ముందు మర్చిపోయాడు, గొడవలు మొదలయ్యాక చేయించలేదు. 5.5 శాతం అడిగితే, “రికార్డుల ప్రకారం పిల్లలు లేరు” అని జవాబు వచ్చింది.

ఇది అరుదేమీ కాదు. భార్య తరఫు వకీలు మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న: పాప పేరుతో డిపెండెంట్ కార్డు ఉందా? లేకపోతే పార్ట్-2 పడలేదని అనుమానించాలి. మున్సిపాలిటీ ఇచ్చిన అసలు బర్త్ సర్టిఫికెట్, తండ్రి పేరున్న ఆసుపత్రి డిశ్చార్జ్ సమ్మరీ, నోటరీ అఫిడవిట్ జతచేసి యూనిట్‌కు, రికార్డ్ ఆఫీసుకు మళ్లీ రాశాం. మెయింటెనెన్స్ కేసులో భర్త పాప తన కూతురేనని కౌంటరులో ఒప్పుకున్నాడు. ఆ కౌంటరు సర్టిఫైడ్ కాపీ కూడా పంపాక ఆర్డర్ పడింది. విడాకుల తర్వాత ఈ పని పెట్టుకుంటే తండ్రి సహకారం మరీ కష్టం. భార్య హక్కులు డిక్రీతో పోతాయి, బిడ్డవి పోవు, కానీ కాగితం మీద బిడ్డ ఉండాలి.

లెక్క ఇలా తేలింది. 2025 జూన్ నాటి జీతపత్రంలో బేసిక్ 35,900 రూపాయలు, మిలిటరీ సర్వీస్ పే 5,200, ఈ రెండింటి మొత్తం 41,100 మీద 55 శాతం డీఏ (కరువు భత్యం) 22,605. మొత్తం 63,705. అందులో 22 శాతం 14,015, పాపకు 5.5 శాతం 3,504, కలిపి సుమారు 17,519. ఫీల్డ్ అలవెన్సులు ఈ లెక్కలో పట్టలేదు. పీస్ స్టేషన్‌కు వస్తే అవి పోతాయి కాబట్టి వాటి మీద ఇంటి బడ్జెట్ కట్టుకోకూడదు. శాతంలో మంజూరు కావడం వల్ల మేలేమిటంటే, జూలైలో ఇంక్రిమెంటుతో బేసిక్ 37,000 అయి, డీఏ 58 శాతం అయ్యేసరికి అదే 27.5 శాతం 18,336 అయింది. ఎవరూ మళ్లీ అర్జీ పెట్టాల్సిన పని లేదు.

మెయింటెనెన్స్ కేసు

2024 జూలై 1 తర్వాత వేసింది కాబట్టి పాత సీఆర్‌పీసీ 125 బదులు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 144 కింద వేశాం. భార్య నివసించే చోటే వేయవచ్చు. మధ్యంతర పిటిషన్‌ను నోటీసు అందిన 60 రోజుల్లోపు వీలైనంత వరకు తేల్చాలని చట్టం చెబుతుంది. ఆచరణలో ఆ గడువు నోటీసు అందడం దగ్గరే చిక్కుకుంటుంది.

ఫీల్డ్‌లో ఉన్నవాడి చిరునామా “కేరాఫ్ 56 ఏపీఓ” (ఆర్మీ పోస్టాఫీసు) అని ఉంటుంది. కోర్టు బంట్రోతు అక్కడికి వెళ్లడు. ఊళ్లోని అత్తమామల ఇంటికి నోటీసు పంపితే వాళ్లు తీసుకోరు, లేదా తలుపుకు అంటించి వస్తారు. దాని మీద ఎక్స్-పార్టీ (అతను రాకుండానే ఇచ్చే) ఆర్డరు తెచ్చుకుంటే అతను మూడు నెలల్లోపు సరైన కారణం చూపి కొట్టివేయించుకోగలడు, పడిన శ్రమ వృథా. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 5, రూల్ 28 సైనికుడి సమన్లను కమాండింగ్ ఆఫీసరు ద్వారా పంపమంటోంది. మెయింటెనెన్స్ కేసుకు సంహితలోని సెక్షన్ 68లో ప్రభుత్వ ఉద్యోగికి ఆఫీసు అధిపతి ద్వారా పంపే ఏర్పాటుంది. మెమో వేసి, కమాండింగ్ ఆఫీసరు పేరుతో రిజిస్టర్డ్ పోస్టులో పంపమని కోరాలి. సంతకంతో తిరిగొచ్చిన ఆ ఒక్క కాగితం తర్వాత ఎన్నో వాదనలకు తలుపు మూస్తుంది.

భార్య పక్షాన కేసు వేసేవాళ్లు మరచిపోయే చట్టం ఇంకొకటుంది: ఇండియన్ సోల్జర్స్ (లిటిగేషన్) చట్టం 1925. ఎదుటి పక్షం ప్రత్యేక పరిస్థితుల్లో సేవ చేస్తున్న సైనికుడని తెలిస్తే ఆ సంగతి దరఖాస్తులోనే చెప్పాలి. న్యాయం కోసం వాయిదా అవసరమని నిర్దేశిత అధికారి సర్టిఫికెట్ ఇస్తే కోర్టు విచారణ ఆపాలి. దాచిపెట్టి డిక్రీ తెచ్చుకుంటే తర్వాత అది రద్దయ్యే ప్రమాదం ఉంది. ఈ కేసులో అతని తరఫున అలాంటి సర్టిఫికెట్ రాలేదు. వకాలత్ వేసి కౌంటరు దాఖలు చేశాడు. ఒకవేళ సెలవు దొరక్కపోతే, సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 28 కింద కమాండింగ్ ఆఫీసరు ఎదుట సంతకం చేసి మరొకరికి అధికారం ఇవ్వవచ్చు, దానికి కోర్టు ఫీజు స్టాంపు అక్కర్లేదు.

తర్వాతి పోరు జీతం మీద. అతను వేసిన ఆస్తి, అప్పుల అఫిడవిట్‌లో చేతికొచ్చే జీతం 31 వేలని ఉంది. జీతపత్రం జతచేయలేదు. సమాచార హక్కు చట్టం కింద భర్త జీతపత్రం అడగడం చాలామంది చేసే పని, వ్యక్తిగత సమాచారమని తిరస్కరణ వస్తుంది. కోర్టులో డాక్యుమెంట్లు తెప్పించే పిటిషన్ వేసి, పే అకౌంట్స్ ఆఫీసు నుంచి పన్నెండు నెలల పే స్టేట్‌మెంట్లు తెప్పించాం. తగ్గింపుల జాబితాలోనే అసలు కథ బయటపడింది: ప్రావిడెంట్ ఫండ్‌కు తప్పనిసరి మొత్తం కన్నా చాలా ఎక్కువ, పర్సనల్ లోన్ కిస్తీ, తల్లిదండ్రులకు పంపేది. ఇష్టపూర్వకంగా దాచుకునేదీ, తీసుకున్న అప్పూ భార్యకు ఇవ్వాల్సినదాన్ని తగ్గించవు. ఆదాయపు పన్ను, తప్పనిసరి చందాలు, గ్రూప్ ఇన్సూరెన్స్ మాత్రమే తీసి చూడాలన్న వాదన నిలిచింది. తల్లిదండ్రుల పోషణను కోర్టు కొంత పరిగణించింది, అది న్యాయమే.

మధ్యంతరంగా భార్యకు 14,000, పాపకు 6,000, పిటిషన్ వేసిన తేదీ నుంచి ఇవ్వమని ఆర్డరు వచ్చింది. ఆర్మీ కోత మొదలయ్యాక దాని 17,519 పోను మిగిలిన 2,481 అతను బ్యాంకు ద్వారా వేయాలి. కోత పెరిగినప్పుడల్లా ఈ తేడా తగ్గుతుంది. బకాయిల విషయంలో ఒక గడువు గుర్తుంచుకోవాలి: వారెంటు ద్వారా వసూలుకు, బకాయి పడిన తేదీ నుంచి ఏడాదిలోపు దరఖాస్తు చేయాలి. “మొత్తం పేరుకున్నాక ఒకేసారి అడుగుదాం” అనుకున్న కక్షిదారు ఆ దారిలో పాత నెలలు పోగొట్టుకుంటారు. ప్రతి ఆరు నెలలకు ఒక పిటిషన్ వేయడం మేలు.

వదిలేసిందన్న ఆరోపణ

ఇక ఓపీ సంగతి. హిందూ వివాహ చట్టం సెక్షన్ 13(1)(ఐబీ) ప్రకారం పిటిషన్ వేసే నాటికి ముందు వరసగా రెండేళ్లు వదిలేసి ఉండాలి, అదీ కాపురం తెంచుకోవాలన్న ఉద్దేశంతో. కుటుంబానికి అనుమతి లేని స్టేషన్‌కు భర్త వెళ్తే భార్య పుట్టింట్లో ఉండటం వదిలేయడం కాదు, అది పోస్టింగ్ పెట్టిన ఎడబాటు. అయినా సైనికుల పిటిషన్లలో ఈ తేదీనే “వదిలేసిన తేదీ”గా రాయడం కనిపిస్తూ ఉంటుంది.

సైన్యంలో ప్రతి కదలికకూ కాగితం ఉంటుంది. దాన్నే వాడుకున్నాం. 2021 నుంచి 2023 వరకు సెలవు రికార్డు తెప్పించాం, అందులో సెలవు చిరునామా ఉంది. ఆ తేదీల్లో విజయనగరంలోని ఏటీఎం విత్‌డ్రాయళ్లు, రైలు టికెట్లు, పాప పుట్టినరోజు ఫొటోలు పక్కపక్కన పెట్టాం. 2023 మే దాకా కలిసి ఉన్నారని తేలింది. ఓపీ వేసింది 2024 అక్టోబరులో. మధ్యలో పదిహేడు నెలలే. ఇరవై నాలుగు కావాలి. ఉద్దేశం దాకా వెళ్లకుండానే ఆ కారణం కూలింది.

క్రూరత్వం అంత తేలికగా కూలదు. రెండు ఉత్తరాలు ఎగ్జిబిట్లుగా ఉన్నాయి. వాటివల్ల యూనిట్‌లో విచారణ జరిగిందని అతను చెబుతున్నాడు. మజుందార్ తీర్పుకూ దీనికీ తేడాలున్నాయి: అక్కడ ఫిర్యాదులు చాలా, నష్టం రుజువైంది. ఇక్కడ రెండే, ప్రమోషన్ ఆగలేదు. కానీ క్రాస్‌లో ఆమె ఆ ఆరోపణకు ఆధారం చూపలేదు. గెలుపు అవకాశం సగం సగం అని ఆమెకు నిజం చెప్పాల్సి వచ్చింది.

కేసు ఎక్కడ నడవాలి

చివరిగా కాపురం చేసిన చోటని అతను సికింద్రాబాద్ ఎంచుకున్నాడు. అది హిందూ వివాహ చట్టం సెక్షన్ 19 కింద చెల్లుతుంది. అతను కశ్మీర్‌లో వేయలేడు, తానున్న చోట కేసు వేసే వెసులుబాటు 2003 సవరణ భార్యకే ఇచ్చింది. విజయనగరం ఆంధ్రప్రదేశ్‌లో, సికింద్రాబాద్ తెలంగాణలో ఉన్నందున ట్రాన్స్‌ఫర్ హైకోర్టు చేతిలో లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 25 కింద సుప్రీంకోర్టుకే వెళ్లాలి. ఐదేళ్ల పాప, ఆదాయం లేకపోవడం, విజయనగరంలో ఇప్పటికే మెయింటెనెన్స్ కేసు నడుస్తుండటం, ఇవి చూపి పిటిషన్ వేశాం. అది పెండింగ్‌లో ఉండగానే మాటలు మొదలయ్యాయి. రెండు పక్షాలకూ కారణముంది. అతనికి వదిలేసిందన్న వాదన పోయింది, ఆమెకు ఉత్తరాల భయం ఉంది.

సెటిల్‌మెంట్‌లో ఏం లెక్కగట్టాలి

విడాకులతో సైనికుడి భార్య పోగొట్టుకునేవి మామూలు ఉద్యోగి భార్యకన్నా ఎక్కువ. అమెరికాలోలా పెన్షన్‌లో మాజీ భార్యకు వాటా పంచే పద్ధతి ఇక్కడ లేదు. డిక్రీతో ఫ్యామిలీ పెన్షన్ హక్కు పోతుంది, ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల ఆరోగ్య పథకం) వైద్యం పోతుంది, క్యాంటీన్ కార్డు పోతుంది, ఆర్మీ మెయింటెనెన్స్ ఆగిపోతుంది. కాబట్టి పర్మనెంట్ అలిమొనీ (శాశ్వత భరణం) అంటే ఇవన్నీ వదులుకున్నందుకు ధర కూడా.

అంకెల్లో చూస్తే, ఆర్మీ మెయింటెనెన్స్ ఆమె వాటా నెలకు 14,015 చొప్పున ఏడాదికి 1,68,180. 24 ఏళ్ల సర్వీసు 2032లో పూర్తవుతుంది. ఆ ఏడేళ్లకు 11.77 లక్షలు. రిటైరయ్యాక పెన్షన్ ఆఖరి జీతంలో సగం, దానిపై డీఆర్ (పెన్షన్‌దారుకు ఇచ్చే కరువు భత్యం). దాంట్లో ఆమెకు కోర్టు ఇవ్వగలిగే మెయింటెనెన్స్ ఇంకా తక్కువ. ఫ్యామిలీ పెన్షన్ అతని తర్వాత ఆమె బతికి ఉంటేనే వచ్చేది. 2025 జూన్ జీతం లెక్కలో 41,100లో 30 శాతం, అంటే 12,330, పైన డీఆర్. ఆమె ఇరవై లక్షలు అడిగింది, అతను ఎనిమిది దగ్గర మొదలుపెట్టాడు. చివరికి 14 లక్షలకు తెగింది. ఏడేళ్ల కోత కన్నా రెండు లక్షల పైచిలుకు ఎక్కువ. దూరపు హక్కులకు అది తక్కువ ధరే, కానీ క్రూరత్వం రుజువైతే వచ్చే ప్రమాదాన్ని కలిపి చూస్తే ఒప్పుకోదగినది.

డబ్బు ఎక్కడి నుంచి అన్నది ఒప్పందంలో రాయించాలి. “ఫండ్ తీసి ఇస్తా” అన్న మాట చాలా సెటిల్‌మెంట్లను ముంచింది. ప్రావిడెంట్ ఫండ్ విత్‌డ్రాయల్ ఏ అవసరాలకు ఇస్తారో నిబంధనలున్నాయి. సెటిల్‌మెంట్ వాటిలో పడుతుందనుకుని తేదీ వేయొద్దు. ఇక్కడ అతని ప్లాటు అమ్మకం, బ్యాంకు లోన్ రాశాం. విడాకులు ఇద్దరి సమ్మతితో, అందుకు కోర్టు ముందు రెండు మోషన్లు, అంటే రెండు విడతల విచారణ ఉంటుంది. మొదటి మోషన్ రోజున 5 లక్షల డీడీ, రెండో మోషన్ రోజున జడ్జి ఎదుట 9 లక్షల డీడీ. డీడీ కనిపించకపోతే ఆమె సమ్మతి ఇవ్వదని స్పష్టంగా ఉంది.

పాప డబ్బు విడిగా పెట్టాం. బిడ్డ పోషణ హక్కును తల్లి రాజీలో వదులుకోలేదు, అలా రాసినా నిలవదు. నెలకు 8,000, రెండేళ్లకోసారి పది శాతం పెంపు. పిల్లల విద్యా భత్యం తండ్రి క్లెయిమ్ చేసి, వచ్చిన మొత్తాన్ని ముప్పై రోజుల్లో తల్లి ఖాతాలో వేయాలి. స్కూలు సర్టిఫికెట్ తల్లి ఏటా ఏప్రిల్‌లో పంపాలి. రిటైరయ్యాక చెల్లింపు ఆగకుండా సొంతూళ్లోని అతని పొలం మీద చార్జ్ (చెల్లింపుకు హామీగా ఆస్తిపై హక్కు) సృష్టించాం. చెల్లింపుకు స్థిరాస్తి మీద చార్జ్ పెట్టవచ్చని హిందూ వివాహ చట్టం సెక్షన్ 25లో ఉంది. ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ తీసి పొలం అతని పేరునే ఉందని చూశాకే షెడ్యూలు రాశాం. ఉమ్మడి ఆస్తి అయితే ఈ చార్జ్ కాగితానికే పరిమితం.

సెలవు లోపల రెండు మోషన్లు

సమ్మతి విడాకులకు, అంటే హిందూ వివాహ చట్టం సెక్షన్ 13బీకి, ఏడాది విడిగా ఉండాలి. ఒకే ఇంట్లో లేకపోవడం కాదు ఇక్కడ కొలమానం, భార్యాభర్తలుగా జీవించకపోవడం. ఫీల్డ్‌లో గడిచిన కాలమంతా ఇందులో పట్టదు. అందుకే పిటిషన్‌లో 2023 మేనే రాశాం, 2020 ఆగస్టు కాదు. మొదటి మోషన్ తర్వాత ఆరు నెలలు ఆగాలన్న నియమాన్ని అమర్‌దీప్ సింగ్ తీర్పు (2017) కింద మాఫీ కోరవచ్చు: ఏడాదిన్నర ఎడబాటు నిండి ఉండాలి, రాజీ ప్రయత్నాలు విఫలమై ఉండాలి, అలిమొనీ, కస్టడీ తేలి ఉండాలి. మాఫీ పిటిషన్ మొదటి మోషన్ జరిగిన వారం తర్వాత వేయవచ్చు.

13బీ పిటిషన్ విజయనగరంలోనే వేశాం. పెళ్లి జరిగిన చోటు, భార్య ఉంటున్న చోటు అదే. దాంతో ట్రాన్స్‌ఫర్ పిటిషన్ అవసరం తీరింది. సికింద్రాబాద్ ఓపీ ఉపసంహరించుకున్నాడు. అతని వార్షిక సెలవు 60 రోజులు. కేసు కోసం సెలవిచ్చినట్టు కమాండింగ్ ఆఫీసరు సర్టిఫికెట్ ఇస్తే, ఆ సెలవులోపు విచారణ ముగించేలా వీలైనంత వరకు కోర్టు ఏర్పాటు చేయాలని ఆర్మీ చట్టం సెక్షన్ 32 చెబుతోంది. మామూలు లీవ్ సర్టిఫికెట్ చాలదు, కేసు కోసం అన్న మాట అందులో ఉండాలి. అది సెలవుపై బయల్దేరేముందే రాయించుకోమని అతని వకీలుకు చెప్పాం. రైలెక్కాక ఆ ముక్క తెప్పించడం పెద్ద పని. 2025 నవంబరులో మొదటి మోషన్, డిసెంబరులో రెండోది, అదే రోజు డిక్రీ.

డిక్రీ తర్వాత

సమ్మతి డిక్రీ మీద ఫ్యామిలీ కోర్టుల చట్టం సెక్షన్ 19(2) కింద అప్పీలు లేదు. పోటీ పడిన డిక్రీ అయితే అప్పీలు గడువు దాటే దాకా ఎవరూ రెండో పెళ్లి చేసుకోకూడదు. సైనికుడైతే రెండో పెళ్లి పార్ట్-2 వేయించేటప్పుడు ఈ తేదీలు చూస్తారు.

సర్టిఫైడ్ కాపీలు నాలుగు తీయించాం. యూనిట్‌కు, రికార్డ్ ఆఫీసుకు, పే అకౌంట్స్ ఆఫీసుకు, భార్య దగ్గర ఒకటి. విడాకుల పార్ట్-2 పడ్డాక భార్య డిపెండెంట్ కార్డు, క్యాంటీన్ కార్డు యూనిట్‌కు తిరిగి ఇచ్చి రసీదు తీసుకుంది. పాప కార్డు ఇవ్వలేదు, ఇవ్వకూడదు కూడా. కొన్నిచోట్ల క్లర్కులు తల్లీకూతుళ్ల పేర్లు కలిపి తీసేస్తారు. అందుకే “కుమార్తె డిపెండెంట్‌గా కొనసాగుతుంది” అన్న వాక్యాన్ని డిక్రీలోని ఒప్పంద షరతుగా పెట్టించాం. ప్రావిడెంట్ ఫండ్, గ్రూప్ ఇన్సూరెన్స్ నామినేషన్లలో పాప వాటా ఉండాలన్న షరతూ ఉంది. నామినేషన్ కాపీ డిక్రీ తర్వాత అరవై రోజుల్లో తల్లికి అందాలి.

జనవరి జీతంలో పాత 27.5 శాతం కోత ఆగింది, పాపకు డిక్రీ ప్రకారం రావాల్సిన 8,000 మొదలవలేదు. సెక్షన్ 91(ఐ) పాత మంజూరు భార్య పేరుమీద ఉండటం, బిడ్డకు విడిగా కొత్త మంజూరు కావాల్సి ఉండటం దీనికి కారణం. డిక్రీ కాపీతో తాజా అర్జీ ముందే పంపి ఉంచినా ఫైలు పైకి వెళ్లి రావాలి. ఆ మధ్యకాలానికి అతను బ్యాంకు స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ద్వారా వేస్తున్నాడు. ఈ షరతును కూడా ఒప్పందంలో, ఆరో క్లాజుగా, ముందే రాసి ఉంచాం.